రాజదండం లాక్కున్నవాడు: నూమెనోర్ చివరి రాజు ఆర్-ఫరజోన్

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి పాఠం)

సభాధ్యక్షులకు, పెద్దలకు, నాతోటి పాఠకులందరికీ నమస్కారం.

ఈ రోజు నేను మాట్లాడబోయే రాజు ఏ దేశ చరిత్రలోనూ లేడు. ఆయన వేయించిన శాసనాలు ఎక్కడా దొరకవు, ఆయన ఏలిన నేల ఏ పటంలోనూ కనబడదు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ అనే ఆంగ్ల ఆచార్యుడు జీవితమంతా అల్లుకుంటూ వచ్చిన కల్పిత లోకంలో నూమెనోర్ అనే ద్వీపరాజ్యం ఒకటుంది. దానికి చివరి రాజు ఆర్-ఫరజోన్. టోల్కీన్ 1973లో కన్నుమూశాక, ఆయన కుమారుడు క్రిస్టఫర్ 1977లో ప్రచురించిన ‘సిల్మరిలియన్’లో ఈ కథ ‘అకల్లబేత్’ అనే భాగంగా వెలువడింది. ఆ ద్వీపవాసుల భాషలో ఆ మాటకు ‘కూలిపోయినది’ అని అర్థం.

ఈ కథ చదివినవాళ్ళు సాధారణంగా చెప్పుకునేది ఒకటే: సౌరాన్ అనే మాయావి మోసం చేశాడు, రాజు మోసపోయాడు, దేశం మునిగిపోయింది. నాకు ఈ తీర్పు సరిపోదనిపిస్తుంది. సౌరాన్ ఆ ద్వీపంలో కాలు పెట్టేనాటికే రాజు తన జీవితంలో నిర్ణాయకమైన పని ఒకటి చేసి కూర్చున్నాడు. తనది కానిదాన్ని బలంతో తీసుకున్నాడు, తీసుకున్నందుకు ఆయనకు ఏ శిక్షా పడలేదు. ఆ తరువాత జరిగినదంతా ఆ మొదటి పనికి కొనసాగింపేనని చూపించడమే నా ప్రయత్నం.

ముందుగా ఆ నేల గురించి నాలుగు మాటలు చెప్పాలి. దుష్టశక్తితో జరిగిన మహాయుద్ధంలో దేవతల పక్షాన నిలిచిన మానవులకు బహుమానంగా సముద్రం మధ్య పైకి లేపి ఇచ్చిన ద్వీపం నూమెనోర్. అది అయిదు కొనల నక్షత్రం ఆకారంలో ఉంటుంది. నడిమధ్యన మెనెల్తార్మా అనే పర్వతం, దాని శిఖరం మీద సృష్టికర్త ఎరూకు అంకితమైన స్థలం. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, కప్పు కూడా లేదు. ఏడాదికి మూడుసార్లు, వసంతంలోనూ నడివేసవిలోనూ శరదృతువు చివరనూ, రాజు ఒక్కడే నోరు తెరిచి ప్రార్థన చేస్తాడు. మిగిలినవారంతా మౌనంగా నిలబడతారు. ఆ కప్పులేని శిఖరాన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

మొదటి రాజు ఎల్రోస్. ఆయన తల్లిదండ్రులిద్దరిలోనూ అమరులైన ఎల్ఫ్‌ల రక్తం, మానవ రక్తం కలిసి ఉన్నాయి. ఎటు ఉండాలో ఎంచుకోమన్నప్పుడు కవల సోదరుడు ఎల్రోండ్ ఎల్ఫ్‌ల వైపు వెళ్ళాడు, ఎల్రోస్ మానవుడిగా చనిపోవడానికి ఒప్పుకున్నాడు. అందుకు ప్రతిగా ఆయనకు దీర్ఘాయువు దక్కింది: 500 ఏళ్ళు బతికి, అందులో 410 ఏళ్ళు రాజ్యం చేశాడు. ఆయన ప్రజలకు కూడా మామూలు మనుషుల కంటే ఎన్నో రెట్ల ఆయుష్షు వచ్చింది. ఇంత ఇచ్చి దేవతలు, అంటే వాలార్లు, ఒకే ఒక్క ఆంక్ష పెట్టారు: తమ తీరం కనుమరుగయ్యేంత దూరం పడమరకు నావ నడపకూడదు. పడమటి దిక్కున చావులేని వారి నేల ఉంది. అందుకని.

ఆ ఆంక్షలో వింత ఏమిటంటే, మొదటి వెయ్యేళ్ళూ అది ఎవరినీ బాధించలేదు. తూర్పున మధ్యధరిత్రి అనే విశాలమైన నేల అంతా తెరిచే ఉంది, వాళ్ళు అక్కడికి వెళ్ళి సేద్యం నేర్పారు, పనిముట్లు ఇచ్చారు. మంచి చేయడంలో మునిగి ఉన్నవారికి తాము వెళ్ళకూడని దిక్కు గుర్తు రాలేదు. సంపద పెరిగాక, ఆ సంపదను వదిలి పోవాల్సి వస్తుందన్న ఆలోచన కూడా దానితోపాటే పెరిగింది. తొలి రాజులు వృద్ధాప్యం ముంచుకురాకముందే, బుద్ధి స్థిరంగా ఉండగానే, తమంతట తామే రాజదండాన్ని వారసుడికి అప్పగించి ప్రాణం విడిచేవారు. పదమూడో పాలకుడు తార్-అతనమిర్ కాలానికి ఆ మర్యాద పోయింది. ఆయన మతి తప్పేదాకా సింహాసనం పట్టుకుని వేలాడాడు. ఆయన దగ్గరకే దేవతల దూతలు వచ్చి ఒక సంగతి విప్పి చెప్పారు: అమరత్వాన్ని ఇచ్చేది ఆ పడమటి నేల కాదు, అక్కడ ఉండేవారు అమరులు గనుకనే ఆ నేల అలా ఉంది, మీరు వచ్చినా మరింత వెలుగులో పడ్డ పురుగుల్లా ఇంకా తొందరగా వడలిపోతారు. అంటే విషయం రహస్యంగా ఏమీ లేదు. రాజవంశానికి నిజం తెలుసు. తెలిసిన నిజం నచ్చలేదు, అంతే.

ద్వీపం రెండుగా చీలింది. ఎక్కువ మంది రాజు పక్షం, తక్కువ మంది ఎల్ఫ్‌లతో స్నేహాన్ని వదులుకోని విశ్వాసులు. ఎల్ఫ్‌ల భాషలో పేరు పెట్టుకోవడం మానేసి రాజులు తమ దేశభాషలో బిరుదులు తగిలించుకున్నారు. ఒకాయన ఏకంగా ‘పడమటి ప్రభువు’ అని అర్థం వచ్చే ఆర్-అదూనఖోర్ అనే పేరు పెట్టుకున్నాడు, అది అప్పటిదాకా దేవతలకే చెల్లిన పేరు. తరువాత ఆర్-గిమిల్జోర్ ఎల్ఫ్ భాష మాట్లాడటాన్నే నిషేధించాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు తల్లిని పోలి విశ్వాసుల వైపు మొగ్గి, తార్-పలంతిర్ అని పాత పద్ధతిలో పేరు పెట్టుకుని, రాజప్రాంగణంలో వాడిపోతున్న పవిత్రమైన తెల్లచెట్టుకు మళ్ళీ పాదు చేయించి, ఈ చెట్టు ఎప్పుడు చస్తే అప్పుడు మా వంశం అంతరిస్తుందని జోస్యం చెప్పాడు. రెండోవాడు గిమిల్ఖాద్. అన్న పశ్చాత్తాపాన్ని జీవితాంతం అడ్డుకున్న ఆ తమ్ముడి కొడుకే మన ఫరజోన్.

తార్-పలంతిర్ ఆ లోకపు కాలగణనలో ద్వితీయ యుగం 3255లో చనిపోయాడు. ఆయనకు ఒక్కతే కూతురు, మీరియెల్. నూమెనోర్ చట్టం ప్రకారం ఆడపిల్ల అయినా పెద్దబిడ్డదే సింహాసనం. అంతకుముందు రాణులు ఏలారు కూడా. అందుచేత ఆ క్షణం నుంచి ఆ దేశానికి పాలకురాలు మీరియెల్. ఫరజోన్ ఆమెకు సొంత చిన్నాన్న కొడుకు, ఆమె కంటే ఒక్క ఏడాది చిన్న. ఆ దేశంలో అంత దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్ళి నిషిద్ధం. అయినా ఆమె ఇష్టంతో పనిలేకుండా ఆమెను పెళ్ళాడి, రాజదండం తన చేతిలోకి తీసుకుని, ఆమె పేరును కూడా తన భాషలోకి మార్చి ఆర్-జిమ్రఫెల్ అన్నాడు. ఒక్క చర్యతో మూడు లాక్కున్నాడు: దండం, మనిషి, మనిషి పేరు. అప్పటికి ఆయన వయసు 137 ఏళ్ళు. నూమెనోర్ లెక్కలో అది మంచి నడివయసే అనుకోండి, అయినా కుర్రతనపు దుడుకు అని సరిపెట్టడానికి వీల్లేదు.

ఇక్కడ చిన్న పక్కమాట. టోల్కీన్ వదిలిపెట్టిన చిత్తుప్రతుల్లో ఒకచోట ఈ సంగతి వేరుగా ఉంది: మీరియెల్‌కు ఫరజోన్ మీద మనసు పడిందని, తానే దండాన్ని ఆయనకు అప్పగించిందని ఉంది. ప్రచురించిన పాఠంలో మాత్రం బలవంతపు పెళ్ళే నిలిచింది. నేను అదే సరైనదంటాను. ఆమె ఇచ్చి ఉంటే ఇది వ్యామోహం కథ అయ్యేది. ఆయన లాక్కోవడం వల్ల మిగతా కథంతా ఒక్క తీగకు అల్లుకుంది.

మరో మనిషిని కూడా తెచ్చుకోవాలి. ఆందూనియె ప్రభువుల వంశంవాడు ఆమండిల్, ఫరజోన్‌కు యౌవనం నుంచి ప్రాణస్నేహితుడు. విశ్వాసుల నాయకుడై ఉండి కూడా రాజసభలో చాలాకాలం కొనసాగాడంటే ఆ స్నేహం ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. రాజుకు ముఖాన నిజం చెప్పగల మనిషి ఒకడంటూ ఉంటే అతడే.

రాజ్యానికి వచ్చిన కొత్తలో ఫరజోన్‌కు ఒక వార్త అందింది. మధ్యధరిత్రిలో సౌరాన్ ‘మానవుల రాజు’ అనే బిరుదు పెట్టుకున్నాడట. ఆ బిరుదు తనకే చెందాలని ఫరజోన్ నిశ్చయించుకున్నాడు. 3261లో మహా నౌకాబలంతో ఉంబార్ రేవులో దిగి, ఏడు రోజులు లోపలికి నడిచి, ఒక గుట్ట మీద డేరా వేయించి, అందులో సింహాసనం పెట్టించుకుని, వచ్చి లొంగిపొమ్మని సౌరాన్‌కు కబురంపాడు. కత్తి దూయాల్సిన పనే రాలేదు. ఆ సైన్యాన్ని చూసి సౌరాన్ సేవకులే పారిపోయారు, సౌరాన్ ఒంటరిగా వచ్చి మోకరిల్లాడు. ఈ ఘట్టంలో రాజు మూర్ఖుడేమీ కాదు. ఆ వినయాన్ని నమ్మలేదు. ఇతణ్ణి ఇక్కడ వదిలితే ప్రమాదం, నూమెనోర్‌కు బందీగా తీసుకుపోతే కళ్ళముందే పడి ఉంటాడు అని తర్కించాడు. తర్కం బాగానే ఉంది. కానీ ఆ ఆలోచన పుట్టింది కూడా ‘తీసుకుపోదాం’ అన్న అలవాటులోనే. సౌరాన్ పైకి బలవంతంగా, లోలోపల ఆనందంగా ఆ ఓడ ఎక్కాడు.

3262లో వచ్చిన బందీ, మూడేళ్ళు తిరగకుండానే రాజుకు అత్యంత ఆంతరంగికుడైన మంత్రి అయ్యాడు. ఎలా అని అడగవచ్చు. కొంత అతని పాండిత్యం, కొంత పొగడ్త. అయితే అసలు పని చేసింది మరొకటని నా అభిప్రాయం. సభలో మిగిలినవారికి రాజు భయం ఏమిటో తెలిసినా దాన్ని పైకి అనలేరు. సౌరాన్ ఆ భయానికి ఒక సిద్ధాంతం కట్టి ఇచ్చాడు. ఎరూ అనేవాడు లేడు, అది దేవతలు మిమ్మల్ని కట్టిపడేయడానికి అల్లిన మాట. నిజమైన ప్రభువు చీకటికి అధిపతి అయిన మెల్కోర్. ఆయన మీకు కొత్త లోకాలు ఇస్తాడు. చావు భయంతో నలిగిపోయే మనిషికి, నువ్వు పిరికివాడివి కాదు, నిన్ను మోసం చేశారు అని చెబితే ఎంత ఊరటో చూడండి.

ఆ రోజు నుంచి మెనెల్తార్మా శిఖరానికి వెళ్ళడం శిక్షార్హమైంది. తెల్లచెట్టు నిమ్లోత్‌ను నరికించమని సౌరాన్ అడిగినప్పుడు మాత్రం రాజు వెంటనే తల ఊపలేదు. పెదనాన్న జోస్యం ఆయన మనసులో ఇంకా మెదులుతోంది. నాకు ఈ తటపటాయింపు ముఖ్యం అనిపిస్తుంది, ఇలాంటిదే మరొకటి చివర్లో వస్తుంది. ఈలోగా సంగతి ఆమండిల్ చెవిన పడింది. ఆయన మనుమడు ఇసిల్దూర్ ఎవరికీ చెప్పకుండా మారువేషంలో రాత్రివేళ కోట లోపలికి వెళ్ళి, ఆ చెట్టు నుంచి ఒక్క పండు కోసుకుని, కాపలావాళ్ళ కత్తిపోట్లతో ఒళ్ళంతా తూట్లు పడి తిరిగివచ్చాడు. ఆ పండును నాటితే వసంతంలో మొలక వచ్చింది. దాని మొదటి ఆకు విచ్చుకున్న రోజున చావుబతుకుల మధ్య ఉన్న కుర్రవాడు లేచి కూర్చున్నాడు. అదీ తీసుకోవడమే. దొంగతనం అనే అనాలి, నిషేధం దాటి కోసుకొచ్చిన పండే కదా. అయితే అతను తనకోసం తెచ్చుకోలేదు, దానికి తన రక్తంతో వెల కట్టాడు. కథకుడు ఈ రెండు రకాల తీసుకోవడాన్నీ పక్కపక్కనే పెట్టి, ఒక్క మాట కూడా వ్యాఖ్యానించకుండా ముందుకు సాగిపోయాడు.

చెట్టు నరికారు. రాజధాని ఆర్మెనెలోస్‌లో గుండ్రటి ఆలయం లేచింది: అడుగు భాగాన గోడల మందం 50 అడుగులు, వ్యాసం 500 అడుగులు, ఎత్తు 500 అడుగులు, పైన వెండి గుమ్మటం. శిఖరం మీద కప్పులేని చోటు ఉందని మొదట్లో చెప్పాను కదా. దానికి పూర్తి విరుద్ధంగా కట్టిన కట్టడం ఇది. ఆకాశం కనబడకుండా కట్టారు. అందులో మొదట కాల్చింది నిమ్లోత్ కట్టెలనే, ఆ పొగ ఏడు రోజులు ద్వీపాన్ని కమ్మింది. ఆ తరువాత అక్కడ మనుషులను బలి ఇచ్చారు, ముఖ్యంగా విశ్వాసులను, అదీ మతం పేరున కాదు, రాజద్రోహం పేరున. తమకు చావు తప్పించమని వేరేవాళ్ళ ప్రాణాలు ఇచ్చారు. చావు తప్పలేదు, మునుపటి కంటే త్వరగా, పిచ్చితో, జబ్బులతో వచ్చింది.

మన చెవులకు ఇలాంటి కథ పూర్తిగా కొత్తదేమీ కాదు. చావు రాకుండా దారులన్నీ మూసుకోవాలనుకున్న హిరణ్యకశిపుణ్ణి మనం చిన్నప్పటి నుంచీ ఎరుగుదుం. కాకపోతే హిరణ్యకశిపుడు తపస్సు చేశాడు, బ్రహ్మను అడిగాడు. ఫరజోన్‌కు అడగడం తెలియదు. వృద్ధాప్యం మీదపడుతున్న రాజుకు సౌరాన్ చివరిగా చెప్పింది కూడా అదే: గొప్ప రాజులు కాదనిపించుకోరు, తమకు రావలసింది తామే తీసుకుంటారు. ఈ మాట సౌరాన్ కొత్తగా నేర్పినది కాదని ఇప్పుడు మీకు అర్థమవుతుంది. 3255లో రాజు తన చేతులతో చేసి చూపించిన దానికే సౌరాన్ మాటల రూపం ఇచ్చాడు.

3310లో మహా నౌకాదళ నిర్మాణం మొదలైంది, తొమ్మిదేళ్ళు సాగింది. ఆమండిల్ తన కొడుకు ఎలెండిల్‌ను పిలిచి, ఓడలు సిద్ధం చేసుకుని తూర్పు రేవు రోమెన్నాలో కనిపెట్టుకుని ఉండమని, యుద్ధంలో తలదూర్చవద్దని చెప్పి, తాను ముగ్గురు సేవకులతో చిన్న పడవలో దేవతల క్షమ వేడడానికి పడమరకు బయలుదేరాడు. మళ్ళీ ఆయన కబురు ఎవరికీ తెలియలేదు. అంటే రాజు ఓడ ఎక్కేనాటికి, ముఖాన నిజం చెప్పగల ఆ ఒక్కడు కూడా లేడు. ఆకాశంలో గద్దల ఆకారంలో మేఘాలు లేచాయి, పిడుగులు పడ్డాయి, ఆలయ గుమ్మటం పగిలింది. ఆ ఆలయ శిఖరం మీద నిలబడ్డ సౌరాన్‌కు ఏమీ కాకపోవడంతో జనం అతణ్ణే దేవుడన్నారు. హెచ్చరికలు వచ్చిన కొద్దీ పట్టుదల పెరిగింది.

3319లో దళం కదిలింది. రాజు ఎక్కిన ఓడ పేరు అల్కరోందాస్, ‘సముద్రదుర్గం’ అని అర్థం; దాని మీద సింహాసనం. గాలి లేకపోతే బానిసల చేత తెడ్లు వేయించారు. సముద్రం కదలకుండా నిలిచిపోయింది, పడమటి తీరం నిశ్శబ్దంగా ఉంది, ఎవరూ ఎదురు రాలేదు. తానీక్వెటిల్ అనే తెల్లని పర్వతం కనబడింది. ఆ క్షణాన ఆర్-ఫరజోన్ వణికాడు. వెనక్కు తిరగబోయాడు.

నేను ఈ కథలో ఎక్కువసార్లు చదివిన చోటు ఇదే. ఇంత దూరం వచ్చిన మనిషి, అన్ని బలులు చూసిన మనిషి, ఒక పర్వతాన్ని చూసి తిరిగిపోదామనుకున్నాడు. ఆయనలో ఇంకా ఏదో మిగిలే ఉంది. తిరిగిపోయి ఉంటే కథ అక్కడ ఆగేది, ద్వీపం తేలే ఉండేది. సౌరాన్ ఆ ఓడలో లేడు, ఆర్మెనెలోస్‌లోనే ఉండిపోయాడు. కాబట్టి ఆ ఒక్క నిర్ణయానికి సౌరాన్‌ను బాధ్యుణ్ణి చేయలేం. రాజు ఒడ్డున దిగి, ఎవరూ అడ్డం రాకపోతే ఈ నేల నాదే అని ప్రకటించాడు. అడ్డం రాకపోతే నాది. మీరియెల్ విషయంలో చేసినది కూడా సరిగ్గా ఇదే.

అప్పుడు వాలార్లు లోకపాలన బాధ్యతను వదిలిపెట్టి ఎరూను పిలిచారు. సముద్రం చీలింది, ఓడలన్నీ ఆ లోయలోకి జారిపోయాయి. నేల మీద దిగిన రాజు మీద, సైనికుల మీద కొండలు విరిగిపడ్డాయి. దళం బయలుదేరిన 39వ రోజున నూమెనోర్ ద్వీపం పిల్లలతో, తల్లులతో, తోటలతో, పాటలతో సహా సముద్రంలో మునిగింది. చివరి క్షణంలో మీరియెల్ మెనెల్తార్మా మీదికి ఎక్కబోయింది. ఆ శిఖరం ఆమెకు అందేలోగా అల ఆమెను అందుకుంది. న్యాయంగా ఆ దేశానికి రాణి ఆమె. రాజు తప్పుకు ఓడల్లో వెళ్ళినవారిని శిక్షించడం ఒక ఎత్తు. ఆలయం మెట్లు ఎప్పుడూ ఎక్కని పసిపిల్లను ముంచడం మరో ఎత్తు. ఈ లెక్క నాకు ఇప్పటికీ కుదరదు, రచయిత కూడా దాన్ని సమర్థించడానికి పెద్దగా ప్రయత్నించలేదు. టోల్కీన్‌కు చిన్ననాటి నుంచి పచ్చని పొలాల మీదికి ఒక మహాతరంగం ఎగసివచ్చే కల పదేపదే వచ్చేదట. ఈ కథలో కారణాల కంటే ముందు అల పుట్టింది. బహుశా అందుకే ఆ అల ఎవరి తప్పు ఎంతో చూసుకోకుండా వస్తుంది.

ఫరజోన్ చనిపోయాడని కథలో ఎక్కడా లేదు. ఆయన, ఆయన సైన్యం ‘విస్మృతుల గుహల్లో’ బందీలుగా పడి ఉన్నారని, అంతిమయుద్ధం దాకా, తీర్పుదినం దాకా అలాగే ఉంటారని ఉంది. చావు రాకూడదని కోరుకున్న మనిషికి ఆ చీకట్లో చావు రాలేదు.

ఆయన మీరియెల్ చేతిలోంచి లాక్కున్న రాజదండం ఆయనతోనే పోయింది. ఎలెండిల్, అతని కొడుకులు తొమ్మిది ఓడల్లో తూర్పుకు కొట్టుకుపోయి, ఆ మరుసటి ఏడాదే రెండు కొత్త రాజ్యాలు స్థాపించారు. ఉత్తరాన ఆర్నోర్‌లో వాళ్ళకు కిరీటం ఉండేది కాదు. ఒక వెండి కర్ర ఉండేది, అది పూర్వం ఆందూనియె ప్రభువులది, అంటే ఆమండిల్ వంశానిది. ఆ రాజ్యమూ కూలిపోయింది, ఆ కర్ర ఎల్రోండ్ ఇంట్లో భద్రంగా ఉండిపోయింది. ఒక నడివేసవి ముందురోజు సాయంకాలం ఆయన దాన్ని ఎలెండిల్ వంశపు వారసుడు అరగోర్న్ చేతికి అందించేనాటికి ఆ కర్ర వయసు 5000 ఏళ్ళు దాటింది.